నాలుగో తరగతి పాపని క్లాస్ లీడర్ చేశారు, ఇప్పుడు దానితో ఎవరూ మాట్లాడటం లేదు

గోదారి_గట్టు
మా పాప నాలుగో తరగతి. రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూలు. జూన్‌లో స్కూల్ తెరవగానే దాన్ని క్లాస్ లీడర్ చేశారు. బ్యాడ్జీ పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు పండగే. వాళ్ళ తాతయ్య ఫొటో తీసి చుట్టాలందరికీ పంపారు, కలెక్టరు ఉద్యోగం వచ్చినంత హడావిడి.

దసరా సెలవులు అయ్యాక స్కూలుకి వెళ్ళనని ఏడుపు. కడుపునొప్పి అంటుంది, తలనొప్పి అంటుంది. బుజ్జగించి అడిగితే అసలు సంగతి బయటపడింది. మేడమ్ బయటికి వెళ్ళినప్పుడు మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయడం దీని పని. మేడమ్ వచ్చాక ఆ పేర్లవాళ్ళు పీరియడ్ అయ్యేదాకా నిలబడాలి, డైరీలో రిమార్కు కూడా. సెలవుల ముందు ఒకరోజు దీని ప్రాణ స్నేహితురాలి పేరు రాసింది. ఆ పిల్ల వాళ్ళమ్మ వాట్సాప్ గ్రూపులో "కొంతమంది పిల్లలకి ఇప్పటినుంచే పెత్తనం నేర్పుతున్నారు" అని పెట్టింది. పేరు పెట్టలేదు గానీ అందరికీ అర్థమైంది.

ఇప్పుడు మధ్యాహ్నం బాక్సు ఒక్కతే తింటోంది. మొన్న రాత్రి నిద్రలో "మాట్లాడకండి, పేరు రాసేస్తా" అని పలవరించింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మేడమ్‌తో మాట్లాడమంటారా? లీడర్ నుంచి తీసేయమంటే పాప చిన్నబుచ్చుకుంటుందేమో. మావారు "లీడరన్నాక ఇవన్నీ మామూలే, గట్టిపడుతుంది" అంటున్నారు.

బెంచీ_చివర
మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా బోర్డు మీద మొదటి పేరు నాదే. ఒకసారి జ్వరమొచ్చి స్కూలుకి వెళ్ళలేదు. ఆ రోజు కూడా నా పేరు రాశారు. అలవాటు మరి.

కందిపొడి
పేరు పక్కన ఇంటూ 2, ఇంటూ 3 అని పెట్టేవాళ్ళు గుర్తుందా? నా రికార్డు ఇంటూ 7.

బెంచీ_చివర
కందిపొడి, ఇంటూ 11 ఇక్కడ. పక్కకి జరుగు.

కందిపొడి
గోదారి_గట్టు గారూ, సరదాకి అన్నాను, ఏమనుకోకండి. కానీ ఇంకో వైపు కూడా చెప్తాను. నేను రెండేళ్ళు లీడర్ని. పేరు తుడవడానికి రేటు ఉండేది మా క్లాసులో. ఒక తేగముక్క అంటే ఒక ఇంటూ తీసేయడం, నాలుగు రేగిపళ్ళకి పేరు మొత్తం. సెంటు రబ్బరు ఇస్తే ఆ వారమంతా మినహాయింపు. తొమ్మిదేళ్ళకే నేను లంచగొండిని. మీ పాప ప్రాణ స్నేహితురాలి పేరు కూడా రాసిందంటే చాలా నిజాయితీగల పిల్ల. అదే దాని కష్టం.

సుద్దముక్క
నేను టీచర్ని. శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులు, 54 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. విద్యాహక్కు చట్టం లెక్కలో ఇది సరిపోయినట్టే, 60 మంది దాకా ఇద్దరు చాలు అంటుంది. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, మండలంలో మీటింగుకి వెళ్ళినా ఐదు తరగతులూ ఒక్కరి నెత్తిన. ఒకటో తరగతి వాడి చెయ్యి పట్టుకుని "అ" దిద్దిస్తుంటే అక్కడ ఐదో తరగతిలో భాగాహారం సగంలో ఆగిపోతుంది. మధ్యలో హాజరు యాప్, భోజనం యాప్, ఫొటోలు. సిగ్నల్ కోసం వేపచెట్టు కిందికి వెళ్ళాలి.

ఆ పూట పిల్ల లీడర్లు లేకపోతే బడి నడవదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్న సంగతి.

మా బడిలో అయితే ఒక్క లీడర్ ఉండడు, పనికో లీడర్. నీళ్ళ గంట కొట్టి అందరితో తాగించేవాడు ఒకడు. భోజనానికి ముందు చేతులు కడిగించేది ఒకత్తి, సబ్బు దాని దగ్గరే ఉంటుంది, సబ్బు పోతే బాధ్యత దానిదే. లైబ్రరీ పుస్తకాలకి ఒకడు. అన్నిటికంటే పెద్ద పదవి చెప్పుల లీడర్. 54 జతలు గుమ్మం ముందు వరసలో ఉండాలి. ఇది లేనప్పుడు ఒకటో తరగతి పిల్లలు రోజూ ఎవరి చెప్పులో వేసుకుని ఇంటికి పోయేవాళ్ళు, సాయంత్రం వాళ్ళ అమ్మలు నాకు ఫోన్. ఒకడు రెండు ఎడమ కాళ్ళవి వేసుకుపోయాడు.

కాబట్టి లీడర్లే వద్దు అనే మాట మాత్రం అనకండి. మీ పాప టీచర్ బయటికి ఎందుకు వెళ్తోందో అది కూడా అడగండి. ఊరికే కబుర్లకి వెళ్ళదు.

ఓరుగల్లు_పిల్ల
సుద్దముక్క మేడమ్, మీ చెప్పుల లీడర్ చేసే పని వేరు, ఈ పాప చేస్తున్న పని వేరు. చెప్పులు వరసలో పెట్టిస్తే ఎవరూ అలగరు. పేరు రాస్తే మాత్రం ఎవరో ఒకరికి శిక్ష పడుతుంది. మీరు పిల్లలకి పని ఇచ్చారు. అక్కడ ఒక పిల్లకి మిగతా క్లాసు మొత్తం మీద ఫిర్యాదు చేసే డ్యూటీ ఇచ్చారు. రెండిటినీ లీడరనే ఒక్క మాటతో పిలవడం వల్లే ఈ గందరగోళం.

సుద్దముక్క
అది ఒప్పుకుంటాను. కానీ నిజం చెప్పాలంటే మొదట్లో నేనూ పేర్లు రాయించినదాన్నే. డీఎస్సీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఇంకేం తెలుసు? మా టీచర్ చేసినట్టు నేనూ చేశాను.

నల్లబల్ల
34 ఏళ్ళు పనిచేసి హెచ్చెమ్‌గా రిటైరయ్యాను. ఈ కాలం తల్లిదండ్రులకి ప్రతిదీ టెన్షనే. మా రోజుల్లో లీడరంటే భయం, భక్తి. ఉదయం బడి తాళం తీసేది లీడర్, ప్రార్థనకి లైన్లు కట్టించేది లీడర్, చింతబరికె విరుచుకొచ్చేదీ లీడరే. ఆ పిల్లలంతా చక్కగా స్థిరపడ్డారు. నాలుగు రోజులు ఎవరో మాట్లాడకపోతే కొంపలేం మునగవు. అమ్మా, మీవారు చెప్పినదే సరైన మాట.

బెంచీ_చివర
బరికె తెచ్చే లీడర్‌కి ఆ బరికెతో దెబ్బలు పడేవి కాదా సార్?

నల్లబల్ల
మొదటి దెబ్బ వాడికే. సన్నది తెచ్చాడని.

కందిపొడి
😂😂 న్యాయం అంటే అదీ

లా_పాయింట్
విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17. పిల్లల్ని శారీరకంగా దండించడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య. చట్టం టీచర్ పేరు ప్రత్యేకంగా ఎత్తలేదు, "ఏ బిడ్డనూ గురిచేయకూడదు" అనే ధోరణిలో ఉంది. లీడర్ చేత చేయించినా చేయించినవాళ్ళదే బాధ్యత అన్నది నా అభిప్రాయం.

ఓరుగల్లు_పిల్ల
బోర్డు మీద పేరు రాస్తే మానసిక వేధింపు అవుతుందా? అది కొంచెం లాగినట్టుంది.

లా_పాయింట్
పేరు ఒక్కటే అయితే కాకపోవచ్చు. 9 ఏళ్ళ పిల్లని 40 నిమిషాలు నిలబెట్టడం మాత్రం నాకు శిక్షలాగే కనిపిస్తోంది. అంతమాత్రాన రేపే లాయర్ని తీసుకెళ్ళమని కాదు. ముందు వెళ్ళి మర్యాదగా మాట్లాడండి. సెక్షన్ నంబరు జేబులో ఉంచుకోండి చాలు.

చెన్నపట్నం_తెలుగోడు
ఈ లీడర్ గోల ఇంగ్లండు దాకా ఎక్కడి నుంచి పాకిందో తెలుసా? మా ఊరి నుంచే, ఎగ్మూరు నుంచి. 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండ్ మతాధికారి మద్రాసులో సైనికుల అనాథ మగపిల్లల ఆశ్రమానికి పెద్దగా వచ్చాడు. పాఠాలు చెప్పే అయ్యవార్లు తక్కువ, ఉన్నవాళ్ళు ఆయన మాట వినరు. ఒకరోజు ఇక్కడి బడి ఒకదానిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. అదే పద్ధతి తన బడిలో పెట్టమంటే అయ్యవార్లు కుదరదన్నారు. దాంతో ఆయన ఎనిమిదేళ్ళ పిల్లాడొకణ్ణి పిలిచి "చిన్నపిల్లలకి నువ్వు నేర్పు" అన్నాడు. వాడు నేర్పేశాడు! ఆ తర్వాత బడంతా పిల్లలే పిల్లలకి నేర్పడం, పిల్లలే అదుపులో పెట్టడం.

1796లో వెళ్ళిపోయి, మరుసటి సంవత్సరం లండన్‌లో దీని మీద పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అని పేరు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆయన డబ్బుతో కట్టిన బడి పేరు ఇప్పటికీ మద్రాస్ కాలేజే.

అరవంలో వీధిబడి లీడర్ని చట్టాంబిళ్ళై అంటారు. ఇక్కడ ఇప్పటికీ ఎవరైనా ఊరికే పెత్తనం చేస్తే "వీడో పెద్ద చట్టాంబిళ్ళై" అని తిడతారు. తిట్టు అయ్యిందంటే వాళ్ళని పిల్లలు ఎంత ప్రేమించారో చూడండి.

కందిపొడి
అంటే మనం ఇంగ్లండుకి ఎగుమతి చేసింది మిరియాలు, బట్టలు, క్లాస్ లీడర్లు.

చెన్నపట్నం_తెలుగోడు
ఇంకోటి మర్చిపోయాను. బెల్ బడిలో తప్పుచేసినవాళ్ళ వివరాలు రాసే నల్ల పుస్తకం ఉండేది. వారానికోసారి అందరి ముందూ తీసి చదివి, పిల్లలే జ్యూరీగా కూర్చుని తీర్పు చెప్పేవాళ్ళు. అంటే పేరు రాసినవాడొకడు, శిక్ష వేసేది అందరూ. ఒక్కడి మీద పగ ఉండదు. ఆయన పోటీదారు లాంకాస్టర్ అని లండన్‌లో ఇంకొకాయన, దెబ్బలు వద్దన్నాడు గానీ తప్పుచేసిన పిల్లల్ని బుట్టలో పెట్టి పైకప్పుకి వేలాడదీయించేవాడు. బోర్డు మీద పేరు నయం.

ఓరుగల్లు_పిల్ల
బుట్టలో వేలాడేవాణ్ణి చూసి మిగతావాళ్ళు పాఠం విన్నారా, లేక బుట్ట ఎప్పుడు తెగుతుందా అని పైకే చూశారా?

డాలస్_అమ్మమ్మ
నేను మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను. మనవరాలు ఐదో తరగతి. రోజూ పొద్దున్నే మెరిసే పచ్చరంగు పట్టీ ఒంటికి అడ్డంగా కట్టుకుని అందరికంటే ముందు వెళ్తుంది. సేఫ్టీ పట్రోల్ అంట, అంటే పిల్లల కాపలా దళం. పిల్లలు కార్లలోంచి దిగేటప్పుడు తలుపు తీయడం, చిన్నపిల్లల్ని క్లాసు దాకా నడిపించడం, రోడ్డు దాటేచోట చేతులు చాపి ఆపడం. 1920లో షికాగోలో మోటారు క్లబ్బు వాళ్ళు మొదలుపెట్టారని, జిమ్మీ కార్టర్, క్లింటన్ కూడా చిన్నప్పుడు ఈ పట్టీ కట్టినవాళ్ళేనని మా అల్లుడు చెప్పాడు.

నాకు నచ్చిన సంగతి ఒకటి. "కార్లు వస్తుంటే నువ్వు ఆపుతావా?" అని భయపడి అడిగాను. "లేదు అమ్మమ్మా, కార్లని ఆపే పని మాది కాదు, అది పెద్దవాళ్ళది. మేం పిల్లల్ని గట్టు మీదే నిలబెడతాం అంతే" అంది. ఎంత వరకు తన పనో ఆ పిల్లకి తెలుసు. ఎవరైనా మాట వినకపోతే ఏం చేస్తావంటే, లోపలికి వెళ్ళి టీచర్‌కి చెప్తుందట, తను మాత్రం ఏమీ అనదట.

బెంచీ_చివర
టీచర్‌కి చెప్పడం అంటే చాడీయే కదా అమ్మమ్మగారూ. చాడీకోరు చలాకీ చీమ...

డాలస్_అమ్మమ్మ
ఇప్పుడు నీ పేరు రాయమంటావా బాబూ?

మిల్టన్‌కీన్స్_మామ
ఇంగ్లండులో జూనియర్ స్కూలంటే ఏడు నుంచి పదకొండేళ్ళ పిల్లలు. మావాడి బడిలో ఆఖరి సంవత్సరం పిల్లలు ఆటల టైములో టోపీలు పెట్టుకుని తిరుగుతారు. ఆడుకోవడానికి ఎవరూ లేనివాళ్ళు కూర్చునే బెంచీ ఒకటుంది. ఎవరైనా అక్కడ కూర్చుంటే టోపీవాళ్ళు వెళ్ళి ఆటలో కలుపుకోవాలి. పోట్లాట అయితే మాత్రం విడదీయరు, డ్యూటీలో ఉన్న ఆంటీని పిలుస్తారు. మావాడు టోపీ కోసం అప్లికేషన్ రాసి, ఇంటర్వ్యూకి కూడా వెళ్ళాడు. నా వీసా ఇంటర్వ్యూ ఇంతకంటే తేలిగ్గా అయింది.

గురుకులం_గోడ
మీవన్నీ పగటి బడి కథలు. నేను ఐదో తరగతిలో గురుకులంలో చేరాను. అక్కడ హౌస్ కెప్టెన్ అంటే అమ్మా, నాన్నా, వార్డెనూ వాడే. ఐదింటికి లేపేది వాడు. పంపు దగ్గర బకెట్ల వరస పెట్టేది వాడు. ఆ వరస కోసం జరిగిన యుద్ధాలు ఇక్కడ రాయలేను. మా కెప్టెన్ పదో తరగతి అన్న. మొదటి వారం రాత్రిళ్ళు ఇంటి మీద బెంగతో దుప్పట్లో ఏడ్చేవాణ్ణి. ఒకరోజు వచ్చి ఏమీ మాట్లాడకుండా నా ట్రంకు పెట్టెని తన మంచం పక్కకి జరిపాడు. అంతే. ఆ తర్వాత ఎవరూ నా జోలికి రాలేదు. పక్క హౌస్ కెప్టెన్ మాత్రం చిన్నపిల్లల చేత తన బట్టలు ఉతికించుకునేవాడు. రెండూ చూశాను.

పల్లెటూరి_పిడుగు
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. మా ఊరి బడిలో నేను చదివిన ఐదేళ్ళూ లీడరంటే పెద్దింటి పిల్లాడే. వాడి తర్వాత వాడి తమ్ముడు. బావి నుంచి నీళ్ళు మోసేది, బడి ఊడ్చేది మాత్రం మా వీధి పిల్లలం. పేర్లు రాసే సుద్దముక్క మా చేతికి ఎప్పుడూ రాలేదు. చీపురు మాత్రం రోజూ వచ్చేది. అదీ "పనికో లీడర్" పద్ధతే. కాబట్టి సుద్దముక్క మేడమ్ పద్ధతి మంచిదే గానీ ఎవరికి ఏ పని పడుతోందో చూడాలి.

మోడరేటర్
దయచేసి అసలు విషయం మీదే ఉండండి. కులాల చర్చకి దారితీయొద్దు.

ఓరుగల్లు_పిల్ల
మోడరేటర్ గారూ, ఆయన కులం అన్న మాటే వాడలేదు. తన బడి సంగతి చెప్పారు. లీడర్ ఎవరవుతారు అన్నది అసలు విషయం కాకపోతే ఇంకేది?

కందిపొడి
ఇప్పుడు మన పేర్లు బోర్డు మీద రాస్తారేమో, అందరూ నోటి మీద వేలేసుకోండి.

మోడరేటర్
సరే, ఉండనివ్వండి. కందిపొడి ఇంటూ 1.

సుద్దముక్క
పల్లెటూరి_పిడుగు గారూ, మీ మాట గుచ్చుకుంది. రాత్రి కూర్చుని మా బడి జాబితా చూశాను. సబ్బు, పుస్తకాలు, గంట పనులు వారం వారం మారుతున్నాయి. గది ఊడ్చే పని మాత్రం జూన్ నుంచి ఒకే ఇద్దరు ఆడపిల్లలది. "మేం చేస్తాం టీచర్" అని వాళ్ళే అంటారు, నేను సరే అనేశాను. సోమవారం నుంచి మగపిల్లలకి కూడా చీపురు. మొదటి పేరు చెప్పుల లీడర్‌ది.

పల్లెటూరి_పిడుగు
థాంక్స్ మేడమ్. చెప్పుల లీడర్ రాజీనామా చేస్తాడేమో చూసుకోండి.

నెల్లూరోడు
మా వాడి స్కూల్లో ఎన్నికలు పెట్టారు. నామినేషన్లు, గుర్తులు, వేలికి మార్కర్ పెన్నుతో సిరా చుక్క. మావాడిది రబ్బరు గుర్తు, ఎదుటి పిల్లది పెన్సిల్ గుర్తు. "పెన్సిల్ రాసిన తప్పుల్ని తుడిచేది రబ్బరే" అని స్లోగన్ నేనే రాసిచ్చాను. ముందురోజు ఆ పిల్ల చాక్లెట్లు పంచింది. 31-9 తేడాతో ఓడిపోయాం.

బెంచీ_చివర
తొమ్మిది ఓట్లు వచ్చాయంటే చాక్లెట్లు తొమ్మిది తక్కువపడ్డాయన్నమాట.

నెల్లూరోడు
మావాడు కూడా చాక్లెట్ తీసుకున్నాడు. ఎవరికి వేశాడో చెప్పడం లేదు.

నల్లబల్ల
నేను మొదట రాసినదానికి కొంచెం కలపాలి. రెండు రోజుల నుంచి ఒక సంగతి మనసులో తిరుగుతోంది.

నేను కొత్తగా చేరినప్పుడు మా దగ్గర ఒక పద్ధతి. ప్రశ్న అడిగితే చెప్పినవాడు, చెప్పలేనివాడికి మొట్టికాయ వేయాలి. మెల్లిగా వేస్తే నేను వాడికి వేసేవాణ్ణి, గట్టిగా ఎలా వేయాలో చూపించడానికి. నాలుగో తరగతిలో ఇద్దరు ఒకే వీధి పిల్లలు, కలిసి వచ్చి కలిసి వెళ్ళేవాళ్ళు. ఒకడు చురుకు, వాణ్ణే లీడర్ చేశాను. రెండోవాడికి ఎక్కాలు వచ్చేవి కావు. ఏడాది పొడుగునా ఇతను అతనికి మొట్టికాయలు. సంక్రాంతి తర్వాత వేరువేరుగా రావడం మొదలుపెట్టారు. అప్పుడు గమనించాను గానీ పట్టించుకోలేదు.

కాలం ఎటుతిప్పిందో, ఆ ఇద్దరూ వియ్యంకులయ్యారు. పెళ్ళికి నన్ను పిలిచారు. భోజనాల దగ్గర ఎక్కాలు రానివాడు, ఇప్పుడు ధాన్యం వ్యాపారం, నా ఆకులో స్వయంగా నెయ్యి వేస్తూ "సార్, బావగారు నాకు బాకీ ఉన్న మొట్టికాయలు 200 పైనే. కట్నంలో తీసేయమన్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. లీడర్ మాత్రం తలవంచుకుని మజ్జిగ పోసుకున్నాడు.

ఇదంతా చేయించినవాణ్ణి నేను, నా నెత్తి మీద ఒక్కటీ పడలేదు. అమ్మా గోదారి_గట్టు, వెళ్ళి టీచర్‌తో మాట్లాడు.

కందిపొడి
సార్...

ఓరుగల్లు_పిల్ల
దీని కోసమైనా ఈ థ్రెడ్ తెరిచినందుకు సంతోషం.

లా_పాయింట్
కట్నం కూడా నేరమే, 1961 చట్టం. ఊరికే చెప్తున్నా.

గోదారి_గట్టు
అందరికీ థాంక్స్. వెళ్ళాను. మొదట మేడమ్ "మీ పాపని నమ్మకంతో పెట్టుకున్నాను, ఇలా కంప్లయింట్ చేస్తారనుకోలేదు" అని ముఖం మాడ్చుకున్నారు. సుద్దముక్క గారు చెప్పినట్టు, "మీరు బయటికి ఎందుకు వెళ్ళాల్సి వస్తోంది మేడమ్?" అని అడిగాను. అంతే, ఆవిడ గొంతు మారిపోయింది. పక్క సెక్షన్ టీచర్ ఆగస్టులో మానేశారట. కొత్తవాళ్ళని తీసుకోలేదు. రోజుకి రెండు పీరియడ్లు రెండు క్లాసులూ ఈవిడే చూస్తోంది, ఇక్కడ 46 మంది, అక్కడ 43 మంది. ఇటు లెక్క ఇచ్చి అటు పరిగెత్తడం. ఫీజు కట్టే మాకెవరికీ ఈ సంగతి తెలియదు.

అరగంట మాట్లాడుకున్నాం. తేలింది ఏమంటే, పేర్లు రాయడం బంద్. వారానికో బెంచీ వాళ్ళు లీడర్లు, ముగ్గురు కలిసి. మేడమ్ లేనప్పుడు వాళ్ళ పని పుస్తకాలు పంచడం, బోర్డు మీద లెక్కలు రాయడం, ఎవరికైనా దెబ్బ తగిలినా బాత్రూంకి వెళ్ళాలన్నా పక్క క్లాసుకి వచ్చి చెప్పడం. గోల అయితే అవుతుంది, దానికి పిల్లలు బాధ్యులు కారు అన్నారు మేడమ్. పక్క సెక్షన్‌కి టీచర్ని వేయమని నేనూ, ఇంకో ఆరుగురు తల్లులూ ప్రిన్సిపల్‌కి రాసిచ్చాం. ఆ ఆరుగురిలో వాట్సాప్ అమ్మ కూడా ఉంది. సంతకం పెట్టింది, నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి పాపకి చెప్తే సంతోషిస్తుందనుకున్నాను. ఒకటే ఏడుపు. "నా లీడర్ ఎందుకు తీసేయించావ్? బ్యాడ్జీ ఇచ్చేయాలా?" అని. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

బెంచీ_చివర
మీ పేరు బోర్డెక్కింది మేడమ్.

గురుకులం_గోడ
బ్యాడ్జీ పోవడం చిన్న దెబ్బ కాదు. నేను కెప్టెన్ నుంచి దిగిన రోజు ఒక పూట అన్నం తినలేదు.

డాలస్_అమ్మమ్మ
బ్యాడ్జీ దాన్నే ఉంచుకోమనండి టీచర్‌ని. తాతగారు తీసిన ఫొటో పక్కన పెట్టుకుంటుంది.

సుద్దముక్క
రెండు వారాలు పడుతుంది, కంగారుపడకండి. మా చెప్పుల లీడర్ నిన్న చీపురు పట్టాడు. గది మధ్యలో మాత్రమే ఊడ్చి, చెత్తంతా ఒకటో తరగతి గుమ్మంలోకి తోశాడు. అంటే అక్కడున్న చెప్పుల మీదికి. తన వరస తనే పాడుచేసుకుని మళ్ళీ సర్దుకున్నాడు.

గోదారి_గట్టు
ఆఖరి అప్‌డేట్. ఈ వారం లీడర్లు రెండో బెంచీ వాళ్ళు. పేర్లు రాయొద్దన్నారు కదా, అందులో ఒక పిల్లాడు బోర్డు మీద కాకుండా రఫ్ నోటు వెనక రహస్యంగా రాస్తున్నాడట. మొదటి పేరు మా పాపదే. ఇంటికొచ్చి ఎగిరిపడింది. "నేను అసలు మాట్లాడనే లేదు, కావాలని రాశాడు, ఇది అన్యాయం" అని. "మరి నువ్వు రాసినప్పుడు?" అన్నాను. కొంచెంసేపు ఆలోచించి "నేను మాట్లాడినవాళ్ళవే రాశాను... చాలావరకు" అంది.

ఆ నోటు సంగతి దానికి చెప్పింది ఎవరో తెలుసా, ప్రాణ స్నేహితురాలే. "ఇప్పుడు తెలిసిందా" అని నవ్విందట. మళ్ళీ కలిసి తింటున్నారా అంటే, "కలిసి కాదు, పక్కపక్కన" అంటోంది. బాక్సులో రెండు పూతరేకులు ఎక్కువ పెట్టాను. ఖాళీ బాక్సు వచ్చింది.

కందిపొడి
పూతరేకులకి ఎన్ని ఇంటూలు తీసేస్తారో కనుక్కోండి, నా రోజుల్లో ఆ రేటు లేదు.

మోడరేటర్
గోదారి_గట్టు గారి సమస్య ఒక దారికి వచ్చింది కాబట్టి థ్రెడ్ మూసేస్తున్నాను. మాట్లాడినవాళ్ళు: 1. బెంచీ_చివర ఇంటూ 7, 2. కందిపొడి ఇంటూ 7, 3. ఓరుగల్లు_పిల్ల...

బెంచీ_చివర
నేను ఈరోజు సెలవులో ఉన్నాను సార్.